హెచ్‌ఐవీ, తాళంచెవి బొమ్మ, నా చిరాకు

హెచ్‌ఐవీ గురించి ఏ పుస్తకం తెరిచినా, ఏ వీడియో చూసినా ఒక బొమ్మ తప్పకుండా ఉంటుంది. కణం ఒక ఇల్లు, దాని మీద సీడీ4 అనే తాళం, వైరస్ చేతిలో జీపీ120 అనే తాళంచెవి. తిప్పింది, తెరుచుకుంది, లోపలికి వెళ్లిపోయింది. అంతే కథ. నాకు ఈ బొమ్మ అంటే మహా చిరాకు. డిగ్రీలో నేనూ అదే బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నదాన్నే కాబట్టి ఆ చిరాకులో సగం నా మీదే అనుకోండి.

మొన్న మా అక్క కూతురు పరీక్షలకి చదువుకుంటూ ఫోన్ చేసి, "పిన్నీ, సీడీ4 ఉంటే చాలు కదా వైరస్ లోపలికి పోవడానికి, మరి కొంతమందికి సీడీ4 మామూలుగానే ఉన్నా హెచ్‌ఐవీ అంటుకోదట, అదెలా?" అని అడిగింది. పది నిమిషాల్లో చెప్పేద్దాం అనుకున్నాను, గంట పట్టింది. అంతా విని ఆఖర్లో "సరే పిన్నీ, పరీక్షలో మాత్రం తాళంచెవే రాస్తాను" అంది. తెలివైన పిల్ల. ఆ గంట వృథా పోకూడదని ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక సంగతి. సీడీ4 లాంటి, వైరస్ అంటుకునే ప్రోటీన్లని రిసెప్టర్లు అంటారు. రిసెప్టర్ అనగానే వైరస్ వచ్చి కూర్చోవడానికి కణం వేసిన పీట అనిపిస్తుంది, కానీ ఏ కణమూ వైరస్ కోసం ఏదీ పెట్టుకోదు. కణం పైపొర మీద వందల రకాల ప్రోటీన్లు ఉంటాయి, ఒక్కోదానికీ దాని పని దానికుంటుంది. సీడీ4 పని ఏమిటంటే, వేరే కణం ఒకటి "ఇదిగో, ఇలాంటిది దొరికింది" అని ఏదైనా సూక్ష్మజీవి ముక్కని ఎంహెచ్‌సీ క్లాస్ 2 అనే ప్రోటీన్ మీద పెట్టి చూపిస్తున్నప్పుడు, హెల్పర్ టీ కణం దాన్ని పరిశీలించేంతసేపూ పట్టు జారకుండా సాయపడటం, లోపలికి సంకేతం పంపడంలో చెయ్యి వెయ్యడం. హెల్పర్ టీ కణాల మీద బాగా ఎక్కువగా, సూక్ష్మజీవుల్ని మింగే మాక్రోఫేజ్‌ల మీద కొంచెం తక్కువగా, కొన్ని డెండ్రైటిక్ కణాల మీద కూడా ఉంటుంది. మిగతా రక్షణ కణాలకి పురమాయించే కణం హెల్పర్ టీ కణమే, వైరస్ పట్టుకున్నది సరిగ్గా దాన్నే. అన్ని రకాల కణాలుండగా ఇదే దొరికిందా అని ఎవరికైనా అనిపిస్తుంది.

1983లో పారిస్ పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో వైరస్‌ని పట్టుకున్నారు, మరుసటి ఏడాదికే పారిస్‌లో ఒక బృందం, లండన్‌లో ఒక బృందం విడివిడిగా సీడీ4 దగ్గరికి చేరాయి. సీడీ4కి అంటుకునే యాంటీబాడీని ముందే పోస్తే వైరస్ కణంలోకి వెళ్లలేకపోయింది. దాంతో తాళం దొరికేసిందన్నమాట. నా డిగ్రీ పుస్తకం కూడా అక్కడితోనే ఆగిపోయింది.

కానీ 1986లోనే ఆ బొమ్మకి బీట పడింది. రిచర్డ్ యాక్సెల్ ల్యాబ్‌లో (తర్వాత వాసన పట్టే రిసెప్టర్ల మీద పనికి నోబెల్ వచ్చింది ఈయనకే) మనిషి సీడీ4ని హీలా కణాల్లో (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) పెడితే, అవి టీ కణాలు కాకపోయినా, వైరస్ హాయిగా లోపలికి వెళ్లింది. అదే సీడీ4ని ఎలుక కణంలో పెడితే వైరస్ వచ్చి అంటుకుంది, అక్కడే వేలాడింది, లోపలికి మాత్రం పోలేదు. తాళం ఉంది, తాళంచెవి ఉంది, తలుపు తెరుచుకోలేదు. అంటే మనిషి కణంలో ఉండి ఎలుక కణంలో లేనిది ఇంకేదో ఉంది. అదేమిటో తెలియడానికి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో ఎంతమంది పోయారో తలుచుకుంటే మాత్రం దీన్ని సరదా పజిల్‌లా చెప్పబుద్ధి కాదు.

ఆ పదేళ్ల ముడి విప్పే కొస మాత్రం ఎవరూ చూడని వైపు నుంచి దొరికింది. సీడీ8 టీ కణాలు (వైరస్ సోకిన కణాలని చంపే రకం) ఏవో పదార్థాలు వదులుతాయి, వాటి వల్ల హెచ్‌ఐవీ నెమ్మదిస్తుంది అని చాలా ఏళ్లుగా తెలుసు. 1995 డిసెంబరులో రాబర్ట్ గాలో, పావొలో లుస్సో బృందం వాటిలో మూడింటి పేర్లు బయటపెట్టింది: ర్యాంటెస్, మిప్-1 ఆల్ఫా, మిప్-1 బీటా. ఇవి కీమోకైన్లు, అంటే వాపు ఉన్న చోటికి కణాలని రమ్మని పిలిచే రసాయనాలు. పిలుపు అందుకోవడానికి కణం మీద రిసెప్టర్లు ఉంటాయి కదా. మరి ఆ పిలుపుకీ వైరస్ ఆగిపోవడానికీ ఏం సంబంధం?

1996 మేలో ఎడ్వర్డ్ బర్గర్ బృందం, ఎలుక కణాల్లో మనిషి జన్యువులు గుంపులుగా వేసి, ఆ గుంపుని చిన్నది చేసుకుంటూ పోయి, ఏది పెడితే సీడీ4తో కలిసి తలుపు తెరుచుకుంటుందో పట్టుకుంది. దానికి ఫ్యూజిన్ అని పేరు పెట్టారు, ఇప్పుడు సీఎక్స్‌సీఆర్4 అంటున్నాం. చూస్తే అది కీమోకైన్ రిసెప్టర్ల కుటుంబానిదే. కానీ దాంతో ల్యాబ్‌లో టీ కణాల మీద పెంచిన వైరస్‌లు మాత్రమే వెళ్లగలిగాయి, మనుషుల మధ్య పాకే రకాలు వెళ్లలేదు. సరిగ్గా ర్యాంటెస్, రెండు మిప్‌లు, ఈ మూడింటినీ అందుకునే రిసెప్టర్ సీసీఆర్5 అని అప్పటికే ఆ ఏడాది మొదట్లో తేలి ఉంది. ఇంకేముంది, జూన్‌లో కొద్ది రోజుల తేడాలో అయిదు బృందాలు అయిదు పేపర్లు వేశాయి, అందరిదీ ఒకే మాట: రెండో తలుపు సీసీఆర్5. పదేళ్లు ఊరించి, తీరా ఒక్క నెలలో అందరికీ ఒకేసారి దొరికింది. పరిశోధనలో ఇలాంటివి జరిగినప్పుడు ఎవరికి ముందు పేరు రావాలన్న గొడవ కూడా వెంటే వస్తుంది, దాని జోలికి నేను పోను.

ఇప్పుడు అసలు విషయం, నాకు ఇష్టమైన ముక్క. రెండు రిసెప్టర్లు అవసరం అనగానే "ఓహో, రెండు తాళాలు, రెండు తాళంచెవులు" అనుకుంటాం. అదీ కాదు.

వైరస్ 100 నానోమీటర్ల పైచిలుకు ఉండే బంతి. దాని మీద ముళ్లు. ఇన్‌ఫ్లుయెంజా మీద ఇలాంటివి వందల్లో ఉంటే హెచ్‌ఐవీ మీద సగటున పద్నాలుగు దాకా ఉంటాయి, అంతే. ఒక్కో ముల్లులో మూడు జీపీ120లు పైన, మూడు జీపీ41లు కింద, రెండూ వైరస్ ప్రోటీన్లే. జీపీ120 బరువులో దాదాపు సగం చక్కెరలే, అవి కూడా మన కణమే అతికించినవి, కాబట్టి మన యాంటీబాడీలకి ఆ ముల్లు చాలావరకు సొంత సరుకులాగే కనబడుతుంది. ఈ ముల్లు కణం దగ్గరికొచ్చి సీడీ4ని తాకుతుంది. జీపీ120లో ఒక గుంట ఉంది, సీడీ4లోని 43వ అమైనో ఆమ్లం, ఫినైల్ అలనిన్, వచ్చి సరిగ్గా ఆ గుంట మూతి మీద కూర్చుంటుంది (1998లో ఆ ప్రోటీన్లని స్ఫటికంగా మార్చి, ఎక్స్‌రేలతో బొమ్మ తీసి చూపించారు). అది కూర్చోగానే జీపీ120 ఆకారమే మారిపోతుంది. ముల్లు పైభాగంలో ముడుచుకుని ఉన్న వీ1, వీ2 అనే ఉచ్చులు పక్కకి జరుగుతాయి, వాటి కింద దాక్కున్న వీ3 ఉచ్చు బయటికి వస్తుంది, విడివిడిగా ఉన్న నాలుగు పోగులు కలిసి ఒక చిన్న పలకలా ఏర్పడతాయి. సీసీఆర్5కి అంటుకునే చోటు ఈ పలక, ఈ వీ3 కలిసి తయారుచేసేదే. సీడీ4 తాకకముందు ఆ చోటు పూర్తిగా ఏర్పడి ఉండదు!

తాళంచెవి బొమ్మనే పట్టుకుని వేలాడతామంటే, ఇది మొదటి తాళాన్ని ముట్టుకున్నాక మాత్రమే పళ్లు మొలిచే తాళంచెవి. ఆ పళ్లు రెండో తాళం కోసం.

ఎందుకింత డొంకతిరుగుడు? సీసీఆర్5కి అంటుకునే చోటు ఎప్పటికప్పుడు మార్చుకుంటూ పోవడానికి వీల్లేదు, మారిస్తే అంటుకోదు. మిగతా ముల్లంతా ఎంత వేషం మార్చినా ఆ ఒక్క చోటు మాత్రం దాదాపు అలాగే ఉండాలి. మారని చోటు అంటే యాంటీబాడీలకి పండగే కదా. అందుకని వైరస్ దాన్ని లోపల దాచిపెట్టి, కణానికి అతుక్కున్నాకే బయటికి తీస్తుంది. అప్పటికి వైరస్‌కీ కణానికీ మధ్య సందు ఎంత తక్కువంటే, పూర్తి సైజు యాంటీబాడీ అందులో దూరడానికే అవస్థపడుతుంది. కావాలని ఎవరో ఆలోచించి కట్టినట్టుంటుంది గానీ, ఆలోచన ఏమీ లేదు, దాచుకోనివి దొరికిపోయాయి, దాచుకున్నవి మిగిలాయి.

రెండో రిసెప్టర్ తగిలాక జీపీ41 వంతు. ఇంతసేపూ స్ప్రింగులా నొక్కి పెట్టి ఉన్నది విచ్చుకుని, దాని కొసని కణం పొరలో గుచ్చుతుంది. ఇప్పుడు దాని ఒక కొస వైరస్ పొరలో, ఒక కొస కణం పొరలో. తర్వాత అది మధ్యకి మడత పడుతుంది, మూడు జీపీ41లవి కలిపి ఆరు మెలికలు ఒక కట్టగా బిగుసుకుంటాయి, ఆ బిగింపుకి రెండు పొరలూ దగ్గరికి లాగబడి కలిసిపోతాయి. కన్నం పడుతుంది, లోపలి సరుకు కణంలోకి జారుతుంది. దీన్ని "తలుపు తెరుచుకోవడం" అనడం కూడా నాకు ఒప్పదు, రెండు ఇళ్ల గోడలు కలిసిపోయి ఒకే ఇల్లు అవడం అనాలి. ఇది కణం పైపొర మీదే జరుగుతుందా, కణం వైరస్‌ని ఒక సంచిలా లోపలికి లాక్కున్నాక ఆ సంచి గోడ దగ్గర జరుగుతుందా అన్నదాని మీద నిపుణులు కొట్టుకుంటూనే ఉన్నారు.

సరే, ఏ రిసెప్టర్ వాడుతుందన్న దాన్ని బట్టి ఏ కణం పోతుందో, ఎప్పుడు పోతుందో తేలుతుంది. మనిషి నుంచి మనిషికి పాకేది దాదాపు ఎప్పుడూ సీసీఆర్5 వాడే రకమే, దాన్ని ఆర్5 అంటారు. సీసీఆర్5 ఎక్కువగా ఉండేది ఒకసారి పని చేసి అనుభవం సంపాదించిన మెమరీ టీ కణాల మీద. అలాంటి కణాలు రక్తంలో కంటే పేగుల గోడల్లో కిటకిటలాడుతుంటాయి. అందుకే ఇన్‌ఫెక్షన్ వచ్చిన మొదటి వారాల్లోనే పేగుల్లోని సీడీ4 కణాలు భారీగా తుడిచిపెట్టుకుపోతాయి, రక్త పరీక్షలో కౌంట్ మాత్రం ఇంకా ఫరవాలేదన్నట్టే కనిపిస్తుంది. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు చాలాసేపు మనసు మనసులో లేదు. సీఎక్స్‌సీఆర్4 వాడే ఎక్స్4 రకం మందులు లేకుండా వదిలేస్తే కొన్నేళ్ల తర్వాత కొందరిలో బయటపడుతుంది, సీఎక్స్‌సీఆర్4 ఇంకా పనిలోకి దిగని కొత్త టీ కణాల మీద కూడా ఉంటుంది కాబట్టి, అప్పటినుంచి కౌంట్ జారుడు వేగం పెరుగుతుంది. ఎక్స్4 వల్ల జబ్బు ముదిరిందా, జబ్బు ముదరడం వల్ల ఎక్స్4కి చోటు దొరికిందా అంటే, అది గుడ్డు ముందా పిల్ల ముందా లాంటి ప్రశ్న. ఇవి చాలనట్టు డెండ్రైటిక్ కణాల మీద డీసీ-సైన్ అని ఇంకొకటి ఉంది, అది వైరస్‌ని పట్టుకుని, తాను పెద్దగా ఇన్‌ఫెక్ట్ అవకుండానే తీసుకెళ్లి టీ కణానికి అందించగలదు.

ఇక మా అక్క కూతురి ప్రశ్న. 1996 ఆగస్టులో తేలింది, కొందరి సీసీఆర్5 జన్యువులో 32 అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయని. డెల్టా32 అంటారు. ప్రోటీన్ సగంలో తెగి, కణం పైకే రాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ ఇలాంటివే వచ్చినవాళ్లకి ఆర్5 వైరస్ వచ్చి సీడీ4ని తాకినా అక్కడితో ఆగిపోతుంది. అచ్చం యాక్సెల్ ల్యాబ్ ఎలుక కణంలో జరిగినట్టే. వైరస్‌కి పదేపదే ఎదురుపడినా ఇన్‌ఫెక్షన్ రాని కొందరిలో దీన్ని కనిపెట్టారు. ఉత్తర యూరప్ మూలాలున్నవాళ్లలో నూటికి ఒకరికి రెండు కాపీలు ఉంటాయి, ఆఫ్రికాలో, ఆసియాలో చాలా అరుదు. ఒక్క కాపీ ఉన్నవాళ్లకి వైరస్ వస్తుంది, కానీ మందులు లేని రోజుల్లో వాళ్లకి ఎయిడ్స్ దశ సగటున రెండు మూడేళ్లు ఆలస్యంగా వచ్చేది. రెండు కాపీలున్నా ఇది ఉక్కు కవచమేమీ కాదు, సీఎక్స్‌సీఆర్4 దారిన దూరే రకం వస్తే వస్తుంది, అలా వచ్చినవాళ్లూ ఉన్నారు.

నన్ను ఇందులో అన్నిటికంటే ఆకట్టుకున్నది, సీసీఆర్5 అసలు లేకపోయినా ఆ మనుషులు చక్కగా బతికేస్తున్నారన్న సంగతి. వెస్ట్ నైల్ వైరస్ వస్తే మాత్రం వాళ్లకి లక్షణాలు బయటపడే ప్రమాదం ఎక్కువ, అంటే అది బొత్తిగా పనికిరానిదేమీ కాదు, కానీ దాని పనిని చాలావరకు వేరేవి చూసుకుంటాయి. సీఎక్స్‌సీఆర్4 అలా కాదు. అది తీసేసిన ఎలుక పిల్లలు కడుపులోనో, పుట్టగానేనో చనిపోయాయి. ఎముక మజ్జలో మూలకణాలని పట్టి ఉంచేది, గుండె, మెదడు కట్టుకునేటప్పుడు కణాలకి దారి చూపించేది అదే. ఒకటి లేకపోతే నడుస్తుంది, రెండోది లేకపోతే నడవదు. ఆ తర్వాత వచ్చిన మందుల చరిత్రంతా ఈ ఒక్క తేడా మీద నడిచింది.

సీసీఆర్5ని మూసే మారావిరాక్ 2007లో వచ్చింది. వైరస్ అంటుకునే చోట అడ్డం పడదు, సీసీఆర్5 లోపలి గుంటలో దూరి దాని ఆకారాన్నే వైరస్ గుర్తుపట్టలేనట్టు మారుస్తుంది. ఇచ్చే ముందు ఒంట్లో ఉన్నది ఆర్5 రకమేనా అని పరీక్ష చేయాలి, లేకపోతే మందు దండగ. సీఎక్స్‌సీఆర్4ని మూసే ఏఎండీ3100 మీద కూడా ప్రయత్నం జరిగింది. తీసుకున్నవాళ్లకి రక్తంలో తెల్ల కణాలు ఒక్కసారిగా పెరిగిపోయాయి, ఎందుకా అని చూస్తే మజ్జలో పట్టు వదిలేసి మూలకణాలు కూడా రక్తంలోకి వచ్చేస్తున్నాయి. హెచ్‌ఐవీకి పనికిరాలేదు గానీ, మూలకణాలు సేకరించాల్సిన క్యాన్సర్ రోగులకి అదే వరమైంది, ప్లెరిక్సాఫోర్ పేరుతో 2008లో ఆమోదం వచ్చింది. ఈ కథ నేను ఎన్నిసార్లు చెప్పినా నాకు బోరు కొట్టదు.

మొదటి రిసెప్టర్ మీద మొట్టమొదటి ప్రయత్నం మాత్రం ఘోరంగా బెడిసికొట్టింది. సీడీ4ని విడిగా తయారుచేసి రక్తంలో వదిలితే వైరస్ దానికే అతుక్కుని మోసపోతుంది కదా అనుకున్నారు 1980ల చివర్లో. ల్యాబ్ వైరస్‌లు మోసపోయాయి. రోగుల నుంచి నేరుగా తీసిన వైరస్‌లని ఆపడానికి ఎన్నో రెట్లు ఎక్కువ కావాల్సి వచ్చింది, రోగుల్లో పని చేయలేదు. తర్వాత జీపీ41 మడత పడకుండా అడ్డుకునే ఎన్‌ఫువిర్టైడ్ 2003లో వచ్చింది, రోజుకి రెండు సూదులు, వేసుకున్న చోటల్లా గడ్డలు. 2018లో వచ్చిన ఇబాలిజుమాబ్ తెలివైనది. సీడీ4కే అంటుకునే యాంటీబాడీ ఇది, కానీ వైరస్ పట్టుకునే చోట కాకుండా పక్క భాగంలో అంటుకుని, వైరస్‌ని సీడీ4 తాకనిచ్చి, తర్వాతి మెట్టు ఎక్కనివ్వదు. సీడీ4 తన సొంత పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

బెర్లిన్ కథ చెప్పకుండా వదిలితే ఊరుకోరు కాబట్టి క్లుప్తంగా. అక్కడ చికిత్స తీసుకున్న టిమొథీ రే బ్రౌన్‌కి హెచ్‌ఐవీతో పాటు లుకేమియా, అంటే రక్త క్యాన్సర్. 2007లో డాక్టర్ గెరో హ్యూటర్, సరిపోయే దాతల్లో రెండు కాపీల డెల్టా32 ఉన్నవారిని వెతికి పట్టుకుని మూలకణాలు మార్పిడి చేశారు, 2008లో మళ్లీ చేయాల్సి వచ్చింది. వైరస్ తిరిగి రాలేదు. 2020లో ఆయన లుకేమియాతోనే పోయారు. ఇదే పద్ధతిలో జర్మనీలోనే ఎసెన్‌లో ఇంకొకరికి చేస్తే వారాల్లోనే వైరస్ తిరిగొచ్చింది, వచ్చింది ఎక్స్4 రకం, ఒంట్లో ముందునుంచే ఎక్కడో కొద్దిగా నక్కి ఉన్నది. జెనీవాలో ఒకరికి మామూలు సీసీఆర్5 ఉన్న దాత కణాలే ఎక్కించారు, అయినా మందులు ఆపాక వైరస్ కనిపించలేదని 2023లో ప్రకటించారు. కాబట్టి నయం కావడంలో రిసెప్టర్ వాటా ఎంత, పాత కణాలన్నిటినీ కొత్తవి ఊడ్చెయ్యడం వాటా ఎంత అన్నది అంత తేలిగ్గా విడదీయలేం. పిండం దశలోనే సీసీఆర్5ని కత్తిరించి 2018లో కవల పిల్లలు పుట్టేలా చేసి జైలుకి వెళ్లిన చైనా శాస్త్రవేత్త హ జియాన్‌క్వీ సంగతి అందరికీ తెలిసిందే. వచ్చిన మార్పులు అసలు డెల్టా32లా కూడా లేవు. ఆ పిల్లలని తలుచుకుంటే నాకు కోపం తప్ప ఇంకేం రాదు.

ఫోన్ పెట్టేసే ముందు మా పిల్ల ఇంకో ప్రశ్న వేసింది, "మరి లోపలికి వెళ్లాక సీడీ4తో దానికి ఇంకేం పని ఉంటుంది?" అని. పని ఉంది, దాన్ని పీకెయ్యడం. వైరస్ కణంలో కుదురుకోగానే తయారుచేసే మొదటి ప్రోటీన్లలో ఒకటైన నెఫ్, పైపొర మీది సీడీ4ని లోపలికి లాగి ముక్కలు చేయిస్తుంది. తర్వాత వచ్చే వీపీయూ, కొత్తగా తయారవుతున్న సీడీ4ని బయటికే రానివ్వదు. ఎందుకంటే ఆ కణం పైన ఇప్పుడు కొత్త వైరస్ ముళ్లు మొలుస్తుంటాయి, పక్కనే సీడీ4 ఉంటే వాటికి తగులుకుంటుంది, తగిలితే ఆ ముళ్లు అక్కడే విచ్చుకుని, ఇంతసేపూ దాచిన చోటుని యాంటీబాడీలకి చూపించేస్తాయి, వాటి వెనకే ఆ కణాన్ని చంపే కణాలూ వచ్చేస్తాయి.

"అంటే వచ్చిన తలుపునే ఊడబీకి పారేస్తుందన్నమాట," అంది.

"తలుపు అనకు," అన్నాను.